ఇటలీ గైడ్‌బుక్ కొనేముందు ఏ పేజీ తెరిచి చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అక్టోబర్‌లో పన్నెండు రోజులు, మీరిద్దరూ, మీ అమ్మగారూ. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఖాయం. ఇంకో ఊరు తేలలేదు. మీరిద్దరూ అన్నీ తింటారు. అమ్మగారు మాంసం, చేప, గుడ్డు ముట్టరు, ఉల్లి వెల్లుల్లికి అభ్యంతరం లేదు. "ఫొటోల కోసం పరుగులు పెట్టడం కాదు, అక్కడి జనం, తిండి, కళ కాస్త అర్థం కావాలి. ఒక్క మంచి గైడ్‌బుక్ పేరు చెప్పండి" అన్నారు.

ఒక్క పేరు చెప్పను. బొమ్మల గురించి, గుళ్ళ గురించి బాగా చెప్పే పుస్తకం భోజనం వేళకి చేతులెత్తేస్తుంది. తిండి గురించి రాసే పుస్తకానికి మీ అమ్మగారి లాంటి మనిషి ఉంటుందన్న ఊహే ఉండదు. రెండూ చేస్తానని అట్ట మీద రాసుకునే లావుపాటి పుస్తకాలు రెండూ పైపైనే చేస్తాయి. కాబట్టి కొట్లో ఏ పుస్తకాన్నైనా చేతిలోకి తీసుకుని ఎలా పరీక్షించాలో చెప్తాను. పేర్లు ఆ తర్వాత.

నేను ఉద్యోగం పేరుతో టురిన్‌లో మూడేళ్ళు ఉన్నాను. తర్వాత కూడా చుట్టాలనీ స్నేహితులనీ వెంటేసుకుని నాలుగైదు సార్లు వెళ్ళాను. మా అత్తగారు రెండుసార్లు వచ్చారు. ఆవిడ తిండి పద్ధతి అచ్చం మీ అమ్మగారిదే. ఈ సమాధానంలో సగం ఆవిడ పుణ్యం.

మొదటిసారి వెళ్ళేముందు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల సంతలో బేరమాడి మరీ ఒక గైడ్ కొన్నాను. ఎనిమిదేళ్ళ పాత ఎడిషన్. రోమ్‌లో టెస్తాచ్చో అనే పేటలో ఫలానా చోట మధ్యాహ్నం భోజనం తప్పనిసరి అని అందులో నక్షత్రం పెట్టి రాశారు. మిట్టమధ్యాహ్నం అరగంట నడిచి వెళ్తే అక్కడ ఫోన్ కవర్ల కొట్టు ఉంది. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన నా చేతిలో పుస్తకం చూసి, ఎన్నిసార్లు చెప్పి విసిగిపోయాడో, "క్యూజో, క్యూజో" అని చెయ్యి ఊపాడు. మూసేశారు అని. పస్తుతోనే ఆ పేట అంతా తిరిగాం. తమాషా ఏమిటంటే, ఆ పేట గురించి అదే పుస్తకం రాసిన రెండు పేజీలు ఈనాటికీ నాకు గుర్తున్నాయి. ఒక్క ముక్క కూడా పాతబడలేదు.

టెస్తాచ్చోలో సుమారు ముప్పై అయిదు మీటర్ల ఎత్తు గుట్ట ఒకటి ఉంది. చూడ్డానికి మామూలు మట్టిదిబ్బే. నిజానికి అది పగిలిన కుండల గుట్ట. స్పెయిన్ నుంచీ, ఉత్తర ఆఫ్రికా నుంచీ ఆలివ్ నూనె మోసుకొచ్చిన జాడీలను రోమన్లు ఖాళీ చేసి, పగలగొట్టి, అక్కడే పేర్చారు. ఆ పక్కనే పందొమ్మిదో శతాబ్దం చివర పెద్ద కబేళా కట్టారు. అది 1975 దాకా నడిచింది. మంచి మాంసం డబ్బున్న వాళ్ళ ఇళ్ళకి పోయేది. కూలీలకి మిగిలింది పేగులు, పొట్ట, తోక, నాలుక. నాలుగు భాగాలు అమ్ముడుపోయాక మిగిలిన అయిదో భాగం అన్న అర్థంలో దాన్ని 'క్వింతో క్వార్తో' అంటారు. రోమ్ అసలు వంటలో చాలా భాగం అందులోంచే వచ్చింది. టమాటా, సెలెరీ వేసి గంటల తరబడి ఉడికించే ఎద్దుతోక కూర అందులో పేరున్నది. మన బోటి కూర, తలకాయ కూర కథలు ఏ పేటల్లో పుట్టాయో తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇదే నా మొదటి పరీక్ష. ఏ గైడ్ అయినా సరే, టెస్తాచ్చో పేజీ తెరవండి. "యువత తిరిగే హుషారైన పేట, రాత్రిళ్ళు క్లబ్బులు బాగుంటాయి" అని రాసి వదిలేస్తే ఆ పుస్తకం మీది కాదు. కుండల గుట్ట, కబేళా, తోక కూర, ఈ మూడింటినీ కలిపి చెప్తే మిగతా పేజీలు కూడా అలాగే రాసి ఉంటారని నమ్మొచ్చు. హోటల్ ఎక్కడుందో ఫోన్ చెప్తుంది. ఆ హోటల్లో ఆ కూరే ఎందుకు వండుతున్నారో చెప్పాల్సింది పుస్తకం.

రెండో పేజీ మతేరా. దక్షిణాన బజిలికాతా ప్రాంతంలో కొండని తొలిచి కట్టిన ఊరు. ఆ గుహల పేటల్ని సాస్సి అంటారు, అంటే రాళ్ళు. ఇప్పుడు అక్కడ గుహల్లోనే ఖరీదైన హోటళ్ళు, ఫొటోలు అద్భుతంగా వస్తాయి. కానీ డెబ్బై ఏళ్ళ క్రితం అదే గుహలో కుటుంబం, గాడిద, కోళ్ళు కలిసి ఉండేవి. మలేరియా, నీళ్ళు లేవు, పసిపిల్లల చావులు. దేశానికే సిగ్గుచేటు అని ఆనాటి నాయకులు అన్నారు. 1952లో చట్టం చేసి వేలమందిని అక్కడి నుంచి ఖాళీ చేయించి కొత్త ఇళ్ళకి తరలించారు. 1993లో అదే చోటు యునెస్కో వారసత్వ జాబితాకి ఎక్కింది. 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని హోదా కూడా వచ్చింది. ఈ మలుపు చెప్పకుండా "కలల్లోని రాతి నగరం" అని మాత్రమే రాసే పుస్తకాన్ని మళ్ళీ అరలో పెట్టేయండి.

మూడో పరీక్ష శాకాహారం. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే చాలా గైడ్‌లు తప్పేది ఇక్కడే. "ఇటలీ శాకాహారులకి స్వర్గం, పిజ్జా, పాస్తా ఉన్నాయిగా" అని ఒక వాక్యం రాసి ముందుకు పోతాయి. నేనూ అదే నమ్మి మా అత్తగారిని తీసుకెళ్ళాను.

పార్మా దగ్గర చీజ్ తయారుచేసే చోటుకి వెళ్ళాం. పెద్ద పెద్ద రాగి గుండిగలు, తెల్లవారుజామున వచ్చిన పాలు, ఆవిరి. ఒక్కో చీజ్ చక్రం సుమారు నలభై కిలోలు, దానికి అయిదువందల లీటర్లకి పైగానే పాలు, కనీసం పన్నెండు నెలలు మాగబెట్టడం. మా అత్తగారికి పాడి గురించి తెలుసు కాబట్టి ప్రతిదీ అడిగారు. పాలు దేంతో విరుగుతాయి అన్నారు. అక్కడి అమ్మాయి "కాల్యో" అంది. అదేమిటో వివరంగా చెప్పమన్నాను. లేగదూడ పొట్టలోంచి తీసే పదార్థం. పార్మిజానో రెజ్జానో అన్న పేరు పెట్టుకోవాలంటే నియమం ప్రకారం అదే వాడాలి. అనువదించి చెప్పాను. అప్పటికి వారం రోజులుగా ఆవిడ పాస్తా మీద తురుముకుని తింటున్నది అదే. చేతిలో ముక్కని మెల్లగా పళ్ళెంలో పెట్టేసి, "తెలియక తిన్నది తిన్నాను, తెలిశాక వద్దులే" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. నా సంచిలో అప్పుడు మూడు గైడ్‌లు ఉన్నాయి, ఒక్కదాంట్లో కూడా ఈ మాట లేదు.

మీ అమ్మగారికి ఇది అభ్యంతరమో కాదో ఆవిడే తేల్చుకోవాలి. చాలామంది పట్టించుకోరు. కానీ ముందే చెప్పడం మన బాధ్యత. గ్రానా పదానో, పెకోరీనో, పేరున్న గేదెపాల మొజ్జరెల్లా, అన్నిటిదీ దాదాపు ఇదే కథ. సూపర్‌మార్కెట్లో చీజ్ మీద 'కాల్యో వెజెతాలే' అనో 'కాల్యో మిక్రోబికో' అనో ఉంటే అది జంతువుది కాదు. కాబట్టి పుస్తకంలో శాకాహారం గురించిన పేజీ తీసి ఈ చీజ్ సంగతీ, సూప్‌లో మాంసం రసం వాడే సంగతీ, పచ్చని ఆకుకూర పాస్తాలో కూడా చిన్న ఉప్పుచేప కరిగి ఉండే సంగతీ ఉన్నాయో లేదో చూడండి. మూడూ ఉంటే కళ్ళకద్దుకుని కొనండి.

ఇంకా ముఖ్యమైనది గుడ్డు. బొలోన్యా చుట్టుపక్కల తాజా పాస్తా అంటే మైదా, గుడ్లు. అక్కడ తాలియతెల్లె అనే పాస్తా వెడల్పు ఉడికాక సరిగ్గా ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలని 1972లో వాణిజ్య మండలిలో బంగారు నమూనా పెట్టి మరీ దాచుకున్నారు. అంత పట్టింపున్న ఊళ్ళో "గుడ్డు లేకుండా చేసి పెట్టండి" అంటే చేసేవాళ్ళు ఉండరు. దక్షిణాన పూల్యాలో అలా కాదు. అక్కడ ముతక గోధుమరవ్వ, నీళ్ళు, అంతే. కారణం పేదరికమే అనుకోండి, మన శాకాహారులకి మాత్రం అదే వరమైంది.

అందుకే నాలుగో ఊరికి నా ఓటు పూల్యాలోని బారీ, దానికి దగ్గర్లోని మతేరా. రోమ్ నుంచి బారీకి రైల్లో నాలుగు గంటలు. మూడు రోజులు అట్టేపెట్టండి. వెనిస్‌లో ఒకరోజు తగ్గినా నష్టం లేదు, అక్కడ నిలబడి తినే చిరుతిళ్ళలో సగానికి పైగా చేపలే. బారీ పాత ఊళ్ళో ఒక సందులో ఆడవాళ్ళు వాకిట్లో బల్లలు వేసుకుని ఒరెక్కియెత్తె చేస్తుంటారు, అంటే చిన్నచెవులు. పిండిని తాడులా చేసి, ముక్క కోసి, మొద్దు కత్తితో ఒక్క లాగు లాగి, బొటనవేలి మీద తిరగేస్తే చెవి ఆకారం వస్తుంది. పక్క బల్ల మీద కావతెల్లి. మా అత్తగారు అది చూడగానే ఆగిపోయారు. "ఇవి మన గవ్వలే కదే!" అన్నారు. నిజంగానే గవ్వలు. వాళ్ళకి గాట్లున్న చెక్క కూడా ఉంది, మన గవ్వల పీట లాంటిదే. భాష రాదు, ఏమీ రాదు. ఆవిడ బొటనవేలు ఆడించి చూపించారు. బల్ల దగ్గరున్న ముసలావిడ నవ్వి చిన్న పిండిముద్ద చేతిలో పెట్టింది. పది గవ్వలు చేశాక, మేం వీటిని నూనెలో వేయించి బెల్లం పాకంలో వేస్తాం అని నా చేత చెప్పించారు. ముసలావిడ నమ్మలేదు.

అక్కడ ఎండు బాకలా (చిక్కుడు లాంటివి) గింజల ముద్ద, పక్కన ఉడికించిన చేదు ఆకుకూర కలిపి పెడతారు. మన పప్పు, ఆకుకూర తిన్న నాలుకకి కొత్తేమీ కాదు. మేం టురిన్‌లో ఉన్నప్పుడు మా అత్తగారి ఇష్టమైన తిండి ఫరినాతా: శనగపిండి, నీళ్ళు, నూనె, ఉప్పు, వెడల్పాటి రాగి పళ్ళెంలో పొయ్యిలో కాల్చడం. అది పుట్టింది జెనోవా వైపు. సిసిలీలో పలెర్మో వీధుల్లో శనగపిండి ముద్దనే ముక్కలు కోసి వేయించి అమ్ముతారు. ఉత్తరాన పొలెంతా అంటే మొక్కజొన్న సంకటి, ఇంకేం చెప్పక్కర్లేదు. ఫ్లోరెన్స్‌లో 'పప్పా అల్ పొమొదోరో' అడగండి. పప్పు కాదు, నిలవ రొట్టె, టమాటా, తులసి జాతి ఆకు, ఆలివ్ నూనె. అమ్మగారికి నచ్చుతుంది. అక్కడి రొట్టెలో ఉప్పు ఉండదు, అది వంటవాడి పొరపాటు కాదని ముందే చెప్పి ఉంచండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇటాలియన్ వంట అని మనం ఒక్క పేరుతో పిలిచేది నిజానికి ఇరవై ప్రాంతాల వంట. ఆ దేశం ఒక్కటైందే 1861లో. పెల్లెగ్రీనో ఆర్తూజీ అనే పట్టు వ్యాపారి 1891లో సొంత డబ్బుతో అచ్చు వేయించిన వంటల పుస్తకమే రకరకాల ప్రాంతాల వంటలని దేశం మొత్తానికీ మొదట పరిచయం చేసిందని చెప్తారు. కాబట్టి ముందు ప్రాంతం, తర్వాత పుస్తకం. ఇంకో మాట: 2025 డిసెంబర్‌లో ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో ఇటాలియన్ వంటని వారసత్వ జాబితాలో చేర్చారు, మన దీపావళిని చేర్చిన సమావేశమే అది. ఇక ప్రతి కొత్త ఎడిషన్ అట్ట మీదా ఆ మాట మెరుస్తుంది. దాన్ని చూసి మోసపోకండి.

పేర్ల దగ్గరికొస్తే, లోన్లీ ప్లానెట్ ఇరవై ప్రాంతాలూ తిరుగుతుంది, బస్సు రైలు వివరాలు బాగుంటాయి, లోతు తక్కువ. మతేరా దాకా వెళ్తే మీకు ఇదే పనికొస్తుంది. రిక్ స్టీవ్స్ అనే అమెరికన్ రాసే గైడ్ తక్కువ ఊళ్ళు తీసుకుని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, ఎక్కడ కుడికి తిరగాలో కూడా చెప్తుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి హాయి. ఆయన ఆడియో నడకలు ఫోన్‌లో ఉచితం. కానీ నేపుల్స్, అమాల్ఫీ తీరం దాటి దక్షిణానికి పెద్దగా పోదు. ఆయన హాస్యం మాత్రం నాకు పడదు. డీకే వాళ్ళది బొమ్మల పుస్తకం. గుడిని నిలువునా కోసి చూపించినట్టు వేస్తారు. అమ్మగారు రాత్రి మంచం మీద కూర్చుని మర్నాటి సంగతి చూసుకోవడానికి బాగుంటుంది. పగలు మొయ్యడానికి కాదు.

కళ కోసం అడిగారు కాబట్టి బ్లూ గైడ్. 1918 నుంచి వస్తున్న వరస. ఒక చర్చిలో ఎడమవైపు అయిదో గదిలో ఎవరి బొమ్మ ఉంది అన్న స్థాయిలో ఉంటుంది. ఫొటోలు తక్కువ, అక్షరాలు చిన్నవి, భోజనం ఊసు దాదాపు లేదు. దీని విలువ రోమ్‌లో సాన్ లుయీజీ దెయ్ ఫ్రాన్చేజీ చర్చిలో తెలుస్తుంది. ప్రవేశం ఉచితం. మూల గదిలో కరవాజ్జో అనే చిత్రకారుడు యేసు శిష్యుడు మత్తయి మీద గీసిన మూడు చిత్రాలు చీకట్లో ఉంటాయి. డబ్బీలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. అందరూ ఇంకెవరైనా వేస్తారేమో అని ఎదురుచూస్తుంటారు, మన పెళ్ళిళ్ళలో మొదట విస్తరి ముందు ఎవరు కూర్చుంటారా అని చూసినట్టు. వెలిగిన ఆ కాసేపట్లో ఏం చూడాలో తెలియాలి. ఎడమ గోడ మీది చిత్రంలో వెలుతురు కుడివైపు నుంచి పడుతుంది, అంటే నిజంగా ఆ గది కిటికీ ఉన్నవైపు నుంచే. ఇది ముందే చదువుకుని వెళ్తే ఒక్క నాణెం చాలు.

ఇటాలియన్ వాళ్ళు సొంతంగా వాడేది టూరింగ్ క్లబ్ ఇతాలియానో ఎర్ర గైడ్‌లు. 1894లో మిలాన్‌లో సైకిల్ పిచ్చోళ్ళు పెట్టిన సంఘం అది. అందమైన పుస్తకాలు, ఇటాలియన్ రాకపోతే భారం.

తిండికి నేను నమ్మేది ఒక్కటే, ఒస్తెరియే దితాలియా. స్లో ఫుడ్ సంస్థ 1990 నుంచి వేస్తోంది. ప్రాంతాల వారీగా ఊళ్ళు, ఊరి వంట వండే మామూలు భోజనశాలలు, సెలవు రోజు, తలకి ఎంత అవుతుందో ఉంటుంది. బాగా నచ్చినవాటికి నత్త గుర్తు. ఇటాలియన్‌లోనే ఉంటుంది, కానీ ఫోన్ కెమెరాతో అనువాదం చూసుకుంటే చాలు, వంటకాల పేర్లేగా. రోమ్‌లో దిగాక ఏ పెద్ద పుస్తకాల కొట్లోనైనా ఆ ఏడాదిది కొనండి. హోటళ్ళకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ వెబ్‌సైట్లో ఉచితమే, దాని కోసం పుస్తకం అక్కర్లేదు.

ఎడిషన్ సంగతి: చరిత్ర, కళ కోసమైతే పాతది నిక్షేపంగా కొనండి. ధరలు, భోజనశాలలు, టికెట్ల కోసమైతే 2022కి ముందుదాన్ని తాకకండి. కరోనాలో మూతపడ్డవి చాలా. నియమాలూ మారాయి. వెనిస్‌కి కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ళ నుంచి రుసుము 2024లో మొదలైంది. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత ఊరు పాంపేకి రోజుకి ఇరవై వేలమంది అన్న పరిమితి కూడా అప్పటిదే. రోమ్‌లో బోర్గేజే గ్యాలరీకి ముందే సమయం బుక్ చేసుకోకపోతే గుమ్మంలోంచే వెనక్కి రావాలి.

మెనూ దగ్గర ఒక చిట్కా. యూరప్ చట్టం ప్రకారం పద్నాలుగు రకాల అలెర్జీ పదార్థాల సమాచారం ఇవ్వాలి. చాలా మెనూల్లో వంటకం పక్కన అంకెలు ఉంటాయి. సాధారణంగా 3 అంటే గుడ్డు, 4 అంటే చేప, అయినా కింద పట్టిక చూసుకోండి. మాంసం ఆ జాబితాలో ఉండదు, అది అడగాల్సిందే. రోమ్ దాటాక 'కోపెర్తో' అని బిల్లులో తలకి ఒకటో రెండో యూరోలు వేస్తే గొడవపడకండి, అది రొట్టెకీ బల్లకీ వేసేది, మోసం కాదు. చీటీ మీద ఇది రాసి అమ్మగారి చేతిలో పెట్టండి: "సోనో వెజెతారియానా. నోన్ మాంజో కార్నె, పెషె, ఉవోవా. నియెంతె బ్రోదో ది కార్నె, పెర్ ఫవోరె." మాంసం, చేప, గుడ్డు తినను, మాంసం రసం కూడా వద్దు అని.

మీరు వెళ్ళేది అక్టోబర్ కాబట్టి రోమ్‌లో పేరున్న ఆర్టిచోక్‌ల (కూరకి వాడే పూమొగ్గలు) మీద ఆశ పెట్టుకోకండి, వాటి అసలు కాలం చలికాలం చివరి నుంచి వసంతం దాకా. మీకు దొరికేది పుట్టగొడుగులు, గుమ్మడి, దక్షిణాన కొత్త ఆలివ్ నూనె మొదలయ్యే రోజులు.

మొత్తం మీద మీ ముగ్గురికీ నేనైతే లోన్లీ ప్లానెట్ కొత్త ఎడిషన్ ఒకటి, రోమ్ వరకు బ్లూ గైడ్ పాతదైనా ఒకటి ఇక్కడే కొంటాను, ఒస్తెరియే అక్కడ. లావు పుస్తకాన్ని వెళ్ళే ఊళ్ళ మేరకు బ్లేడుతో కోసి స్టేపుల్ కొట్టుకోండి. పుస్తకాన్ని కోస్తావా అని మా నాన్న నన్ను ఇప్పటికీ తిడతారు.

తేదీలు ఖాయమయ్యాక మతేరా వెళ్ళే రోజు ఏ వారమో ఇక్కడ రాయండి. బారీ నుంచి అక్కడికి వెళ్ళే చిన్న రైలు ఆదివారాలు నడుస్తుందో, దాని బదులు బస్సు వేస్తారో ముందే చూసుకోవాలి. దాన్నిబట్టి ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో చెప్తాను.